సూరమ్మ చల్లిన పొగాకు

తెల్లారేసరికి కాకరలంకలో ఎవరో ఒకరు సూరమ్మ గుమ్మంలో నిలబడేవారు. కొంగులో జొన్నలో, మినుములో ఉండేవి. ఆమె చద్దన్నం తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళి, వాళ్ళ చేలో మొదటి గుప్పెడు చల్లి వచ్చేది. ఆ గుప్పెడు మేరా మర్నాటికి కోతకొచ్చేది. మిగతా చేను మామూలుగానే పండేది. అంతకుమించి చల్లమని ఆమెని ఎవరూ అడగలేదు.

గోదావరి మీద ఆనకట్ట లేచాక పడవలూ వ్యాపారాలూ పెరిగాయి. లంక మట్టిలో పొగాకు బాగా వస్తుందని విని, జమీందారు గారు లంకంతా ఒక కంపెనీకి కౌలుకిచ్చేశారు. తాతలనాటి నుంచీ దున్నుకుంటున్నవాళ్ళకి ఆ మాట కంపెనీ గుమాస్తా అమ్మిరాజు గారు పడవ దిగి చెప్పేదాకా తెలియదు. ఇళ్ళు విప్పుకుని వెళ్ళిపొమ్మన్నారాయన. పెద్దవాళ్ళు దివాణానికి వెళ్ళి, పొద్దస్తమానం ఎండలో కూర్చుని తిరిగొచ్చారు.

సూరమ్మ ఒక్కతే అమ్మిరాజు గారి దగ్గరికి వెళ్ళింది.

"లంకంతా నేనే చల్లుతానండి. మా ఇళ్ళు మాత్రం ఉండనివ్వండి."

"దానికేం, ఉండండి" అన్నారాయన.

చెల్లెలు తలుపులమ్మ వద్దంది. "మన చేతుల్తో పనుంటేనే మనల్ని ఉండనిస్తారక్కా. అంతా నువ్వే చేసేస్తే మేమెందుకు వాళ్ళకి?"

సూరమ్మ వినలేదు. దుమ్ములాంటి ఆ విత్తనాన్ని బూడిదలో కలిపి, పొద్దు వాలేదాకా చల్లింది. మర్నాడు లంకంతా నడుమెత్తు పొగాకు. అమ్మిరాజు గారు చేనంతా తిరిగి చూసి ఆమెకి కొత్త చీర పెట్టారు. ఇంక కూలీలతో పనిలేదు గనక ఇళ్ళున్నచోట ఆకు ఆరబెట్టే పాకలు వేస్తామన్నారు. ఆ వారంలోనే కప్పులు పీకించారు.

అందరూ ఏరు దాటి కాలవగట్టున తాటాకు గుడిసెలు వేసుకున్నారు. సూరమ్మని ఎవరూ ఒక్క మాటా అనలేదు. తలుపులమ్మ చంటిపిల్ల ఆకలికి ఏడుస్తుంటే, దాచుకున్న జొన్నలు తెచ్చి సూరమ్మ చేతిలో పోశారు. ఆమె గట్టువార చల్లింది. తెల్లారి చూస్తే పొగాకు. బీరగింజలు పెట్టింది. అదీ పొగాకే. తలుపులమ్మ ఒక్కో మొక్కా పీకి కాలవలో పారేసింది. పీకినచోటే మళ్ళీ లేచింది.

పడవ మీద పోతూ అమ్మిరాజు గారు అది చూశారు. ఇక్కడా పండుతుందన్నమాట అనుకుని, పై వాళ్ళతో మాట్లాడి గట్టు కూడా కౌలుకి రాయించుకున్నారు. మళ్ళీ ఖాళీ చెయ్యమని కబురొచ్చింది.

కుండలూ చాపలూ సర్దుకుని జనం ఎగువకి బయల్దేరారు. సూరమ్మ కూడా మూట నెత్తినెట్టుకుంది. తలుపులమ్మ ఆ మూట దించి నేలమీద పెట్టింది.

"నువ్వు రావద్దక్కా. మేం పోయేచోట తిండిగింజలు మొలవాలి."

సూరమ్మ అక్కడే ఆగిపోయింది. చెల్లెలి చంకలో ఉన్న పిల్ల తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.