ఇంటర్వెల్ తర్వాతి గొంతు

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకు ఒక్కదాన్నే వెళ్ళాను. నవ్వడానికి కాదు, వినడానికి.

ఇద్దరు పోలీసుల హాస్య చిత్రం. లావుపాటి కానిస్టేబుల్ మా తమ్ముడు. సన్నటి ఎస్సై వాడి చిన్ననాటి స్నేహితుడు. వాణ్ని ఇంట్లో అందరం బక్కోడనే పిలుస్తాం. డబ్బింగ్ సగంలో ఉండగా తమ్ముడు పోయాడు. మిగతా సగానికి షూటింగులో రికార్డయిన గొంతే వాడతామని, ఇంకెవరి గొంతూ పెట్టనివ్వనని బక్కోడు అమ్మకు మాటిచ్చాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. ఫోన్ చేసినా ఎత్తలేదు. అనుమానం అక్కడ మొదలైంది.

మొదటి సగం బాగుంది. జీపు మొరాయిస్తే, పట్టుకున్న దొంగ చేతే దాన్ని తోయించే చోట హాలంతా పగలబడి నవ్వింది. డబ్బింగ్ అందరూ విడివిడిగా చెబుతారట. వీళ్ళు మాత్రం ఒకే మైకు ముందు నిలబడి, ఒకడి మాట పూర్తికాకముందే రెండోవాడు అందుకునేవాడు. మా వంటింట్లోనూ అంతే. "ఒకరి తర్వాత ఒకరు మాట్లాడి చావండిరా" అని అమ్మ గరిటె చూపించేది.

ఇంటర్వెల్ తర్వాత గొంతు తమ్ముడిదే అనిపించింది. తగువులూ ఉన్నాయి. కానీ ఒకడు ముగించేదాకా రెండోవాడు ఆగుతున్నాడు. హాల్లో నవ్వులు పలచబడ్డాయి. నాకైతే రెండు జవాబు పత్రాల్లో ఒకే చేతిరాత చూసినట్టుంది.

బక్కోడు బయట మెట్ల దగ్గర, టోపీ కళ్ళమీదికి లాక్కుని కనిపించాడు.

"ఎలా ఉందక్కా?"

"సగం బాగుంది. రెండో సగంలో మీకింత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"

వాడు నన్ను జనంలోంచి పక్కకు తీసుకెళ్ళాడు.

"షూటింగ్ రికార్డింగులో జనరేటర్ మోత తప్ప ఏమీ లేదక్కా. ప్రొడ్యూసర్ ఎవణ్నో తెచ్చాడు. గొడవపడి పంపించేశా."

"మరి ఆ గొంతెవరిది?"

"బళ్ళో వాడు రాని రోజు హాజరు పలికిందెవరనుకున్నావు? నేనే. గొంతైతే వచ్చింది. నాతో నేను పోట్లాడటం రాలేదు." టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. "అమ్మని మాత్రం తీసుకురాకక్కా. కనిపెట్టేస్తుంది."

రేపటి ఆట కోసం అమ్మ చీర తీసి పెట్టుకుంది.

"వస్తుంది. నువ్వు పక్కన కూర్చో."

"అడిగితే ఏం చెబుతావు?"

"ఇన్నాళ్ళకి ఇద్దరూ తన మాట విన్నారని చెబుతాను."

వాడు టోపీ తీశాడు. రేపు ఎన్నింటికి రావాలని అడిగాడు.