జేబులు చూసుకోవాలి

"నీ సెయ్యి పడితే ఏదీ బాగుపడదే," అంది జోగమ్మ, కోడలు గౌరీశ్వరి మాసిన బట్టల బకెట్టును బాత్రూములోకి ఈడ్చుకెళుతుంటే. "పొట్టా పండదు, మిషనూ తిరగదు."

మెషీన్ సంగతి అత్త ఈమధ్యే కలిపింది. పొట్ట సంగతి తొమ్మిదేళ్ల నాటిది, పెళ్లయిన ఏడాది నుంచీ వింటున్నదే. ఉక్కునగరం క్వార్టర్లో వాషింగ్ మెషీన్ ఆగిపోయి అప్పటికి మూడు వారాలైంది. అది మామూలు మెషీన్ కాదు, బుద్ధున్న మెషీన్ అని కొన్నరోజున భర్త అర్జునరావు సెక్టారంతా తిరిగి చెప్పుకున్నాడు. లోపల కంప్యూటరుందట, బట్టలెన్నో నీళ్లెన్నో అదే చూసుకుంటుందట. ఆ బుద్ధున్నది సగం ఉతుకులో ఆగి, మురికినీళ్లు కడుపులో పెట్టుకుని, చిన్న అద్దంలో 'ఈ ఫోర్' అని ఎర్రగా వెలిగి ఒకటే కూత. ఈ ఫోర్ అంటే ఏమిటని పుస్తకంలో వెతికితే, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి అని ఉంది.

చేసింది. ముందు పాట. తర్వాత హిందీకి ఒకటి నొక్కండి, ఇంగ్లీషుకి రెండు నొక్కండి. తెలుగుకి నొక్కడానికి ఏదీ లేదు. గౌరీశ్వరి ఇంటర్ పాసైంది కనుక రెండు నొక్కి, కూడబలుక్కుని చెప్పుకుంటే, అవతలి అమ్మాయి కాసేపు విని తెలుగులోకే దిగింది. "మేడమ్, ప్రోడక్ట్ అర్జునరావుగారి పేరు మీద ఉంది. సార్‌కి ఫోన్ ఇస్తారా?" సార్ డ్యూటీకి వెళ్లారంటే, సార్ ఉన్నప్పుడు చేయండి అంది. ఇంట్లో ఉన్నప్పుడు సార్ నిద్రపోతుంటాడు. షిఫ్టు మనిషిని నిద్రలేపితే ఏం వినాల్సొస్తుందో ఆ పిల్లకేం తెలుసు? ఎనిమిదోసారి ఫోన్ చేసినప్పుడు గౌరీశ్వరి, "బట్టలు ఉతికేది నాను, ఆయన కాదు," అంది. ఆ పిల్ల "ఓకే మేడమ్" అని మళ్లీ పాట పెట్టింది.

చివరికి అర్జునరావే ఫోన్ చేస్తే, మొదట వచ్చిన మెకానిక్ వెనక రేకు కూడా విప్పలేదు. "లేడీస్ ఓవర్‌లోడ్ సేసెత్తారండి," అని ఆమెతో కాదు, అర్జునరావుతో చెప్పి టీ తాగి వెళ్లాడు. ఆ టీ పెట్టింది గౌరీశ్వరే. మెషీన్ ఆగిన రోజు నుంచీ, స్టీల్‌ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో బొగ్గు మసి పట్టిన భర్త డ్యూటీ బట్టలు చేత్తో ఉతకడం. ఎన్నిసార్లు జాడించినా నీళ్లు నల్లగానే వచ్చేవి. వేళ్ల సందులు ఒరిసి, అన్నంలో పులుసు కలుపుకుంటే చురుక్కుమనేది.

నాలుగోవారం గాజువాక నుంచి పైడయ్య అనే ఇంకో మెకానిక్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. మెషీన్ని పక్కకి వాల్చి, కింద నీళ్లు పోయే పంపు విప్పి, లోపలికి వేలు పెట్టి ఒక ఇనప నట్టు బయటికి తీశాడు.

"ఇదమ్మా కత. మోటారు బాగుంది, కంప్యూటరూ బాగుంది. బాబుగారి జేబులోంచి పడుంటాది. నీ తప్పేటీ లేదు తల్లీ."

మార్చిన పార్టులు అన్న గడిలో 'నిల్' అని రాసి, రసీదు ఆమె చేతికే ఇచ్చాడు. నీ తప్పు లేదన్న మాట ఆ ఇంట్లో తొమ్మిదేళ్లలో ఎవరూ ఆమెతో అనలేదు. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లి, గిన్నె పట్టుకుని కాసేపు ఏడ్చింది. ఇంత చిన్నమాటకి ఇంత ఏడుపేమిటని తనకే సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం భర్త రాగానే నట్టు అతని అరచేతిలో పెట్టింది. ఆశ ఉంది మరి. మూడు వారాల మాటలు వెనక్కి తీసుకోకపోయినా, అయ్యో అనయినా అంటాడని. అర్జునరావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"మా ప్లాంటుదేనే ఇది. మరి ఉతికేముందు జేబులు సూసుకోవాలి కదా. బుర్రెక్కడెట్టుకున్నావు?"

"నానూ అదే అంటన్నాను," అంది జోగమ్మ.

నట్టు అతనిది, జేబు అతనిది, తప్పు మాత్రం ఆమెదే. గౌరీశ్వరి నట్టుని టీవీ మీద పెట్టి అన్నం వడ్డించింది.

మర్నాడు పొద్దున్న అతను డ్యూటీకి వెళుతూ, ఆదివారం సబ్బవరంలో పెళ్లికి సఫారీ సూటు ఉతికి ఉంచమన్నాడు. ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసింది. కలరా ఉండల వాసన. నాలుగేళ్లుగా ఎవరూ ముట్టనిది, అందులో నట్లేముంటాయి? అయినా మాట పడే ఓపిక లేక ఒక్కో జేబూ వెతికింది. లోపలి జేబులో నాలుగు మడతల కాగితం తగిలింది. టౌనులో ఏదో లేబ్‌ది. పేరు బి. అర్జునరావు, వయసు ముప్పై ఆరు, తేదీ పద్నాలుగు ఆగస్టు రెండువేలు. వీర్యకణాల లెక్క రాసే చోట ఒకే ఒక్క మాట, నిల్.

కాగితం పట్టుకుని బాత్రూము గడప మీద కూర్చుంది. ఆ రోజు బాగా గుర్తుంది. సఫారీ వేసుకుని పరీక్షకని టౌనుకెళ్లి, సాయంత్రం జిలేబీ పొట్లంతో వచ్చి, "నాకంతా బాగానే ఉందంట. ఇంక నీకే సూడాలి," అన్నాడు. ఆ జిలేబీ ఆమె కూడా తింది. పదకొండు రోజులకి ఆసుపత్రిలో ఆమె పొట్టకి గాట్లు పెట్టి, గొట్టం దింపి చూశారు. అందుకు ఒప్పుకుంటూ భర్తగా సంతకం పెట్టిందీ అతనే. ఆ తర్వాత రెండేళ్లు సూదులు, మాత్రలు, అత్త మొక్కిన మొక్కులకి తడిబట్టలతో కొండమెట్లు. పేరంటాల్లో తనని చూసి చంటిపిల్లల్ని పక్కకి జరిపిన చేతులు కూడా గుర్తొచ్చాయి. అన్నిటికీ అతను పక్కనే ఉన్నాడు, ఈ కాగితం పెట్టె అడుగున ఉంది.

పిల్లలు లేకపోతే లేకపోయారు. అందుకు కాదు ఆమె గుండె పగిలింది. ఆ రాత్రి చెవిలో చెప్పి ఉంటే ఇద్దరూ కలిసి ఏడ్చేవారు. ఎవరికీ చెప్పొద్దని అడిగినా ఒప్పుకునేది. ఆ నింద తనే మోసేది, తెలిసి మోసేది. మొగుడి కోసం ఆమాత్రం చేయదా? ఆ ఒక్క అవకాశం కూడా ఆమెకి ఇవ్వలేదు.

సఫారీని మెషీన్లో వేసింది. మెషీన్ బుద్ధిగా తిరిగింది.

రెండున్నరకి అర్జునరావు వచ్చి, కాళ్లు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. జోగమ్మ అప్పటికే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. "సఫారీ ఉతికినావా?" అని అడిగాడు. గౌరీశ్వరి కంచం పెట్టలేదు. కాగితం మడతలు విప్పి అతని ముందు పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద నట్టు పెట్టింది.

"జేబులు సూసుకోమన్నారు కదా. సూసినాను."

అతని చెయ్యి నట్టు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏట్రా అది?" అంది జోగమ్మ.

"ఏటీ లేదమ్మా," అంటూ కాగితం మడవబోయాడు.

గౌరీశ్వరి దాన్ని అరచేత్తో బల్లకేసి అదిమిపట్టింది. ఇంకో చేత్తో కుర్చీ లాక్కుని, అతనికి ఎదురుగా కూర్చుంది.

"గట్టిగా సదవండి. అత్తకి సదువు రాదు."