కాగితంలో చుట్టిన రిటైనరు

నాయనమ్మ పొద్దున్నే లేచి, దేవుణ్ణి తలుచుకుని, గ్లాసులో నానుతున్న కట్టుడు పళ్ళను పలకరిస్తుంది. అవీ పలుకుతాయి. "ఇవాళైనా నన్ను సరిగ్గా రుద్దుతావా?" అని నిలదీస్తాయి. ఆ ఇంట్లో అదేం వింత కాదు. ప్రతి ఇంట్లోనూ నోరున్నవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు కదండీ!

పక్కనే మనవరాలి రిటైనరు డబ్బా. రిటైనరంటే సరిచేసిన పళ్ళు కదలకుండా పట్టి ఉంచే తొడుగు. క్లిప్పులు తీసిన రోజే పళ్ళ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "పళ్ళు ఇంకా కుదురుకోలేదు తల్లీ. వదిలేస్తే పాత చోటికే పోతాయి. తినేటప్పుడు తప్ప ఇది నోట్లోనే ఉండాలి. తీస్తే డబ్బాలో పెట్టు. మెత్తని బ్రష్షుతో చన్నీళ్ళలో కడుగు. వేడి తగిలిందా, వంకర పోతుంది."

మనవరాలి పని స్టేషన్ క్యాంటీన్‌లో, మనసు మాత్రం మైకు మీద. రైళ్ళ రాకపోకలు చెప్పే ఉద్యోగం కావాలి. పోయినసారి పరీక్షలో వంకర పళ్ళు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చదివింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఇప్పుడు పళ్ళు చక్కబడ్డాయి గానీ, చెయ్యి అలవాటు మానలేదు. మళ్ళీ పరీక్ష ఆ మధ్యాహ్నమే.

ఆ కంగారులో రిటైనరు పెట్టుకుని, డబ్బా మాత్రం ఇంట్లోనే మరిచిపోయింది. భోజనం ముందు రిటైనరు తీసి కాగితంలో చుట్టి, ప్లేటు పక్కన పెట్టింది. క్యాంటీన్ చేతులు ఊరుకుంటాయా? తిన్నాక తన బల్ల తనే తుడిచి, కాగితాలన్నీ చెత్తలోకి ఊడ్చేసింది. గుర్తొచ్చేసరికి క్యాంటీన్ పెరట్లో నల్లటి చెత్త సంచులు గుట్టగా ఉన్నాయి.

ఫోన్ చేస్తే నాయనమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"నేను పరీక్షకి వెళ్ళనే నాయనమ్మా. కొత్తది చేసిచ్చేలోపు పళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్దువుగానిలే. ముందు వెతుకు."

మనవరాలు రెండు చేతులూ సంచిలోకి దూర్చింది. నాయనమ్మ తన పళ్ళు తీసి అరచేతిలో పెట్టి, గుట్ట మీదికి చాచింది. అవి గొంతు చించుకున్నాయి: "ఒసేయ్ రిటైనరు పిల్లా! ఎక్కడ చచ్చావే?"

అడుగునుంచి జవాబొచ్చింది. "దయచేసి వినండి! నేను అడుగు సంచిలో, నిమ్మతొక్కల కింద ఉన్నాను. నా మీద టీ పొడి పోశారు. చల్లారిందే లెండి!"

అచ్చం మనవరాలి గొంతు! నెలల తరబడి ఆ నోట్లోనే ఉంది, నేర్చుకోదూ? భగవంతుడు ఇచ్చినదాన్ని ఎన్నాళ్ళని మూసిపెట్టగలం చెప్పండి? ప్లాట్‌ఫారం మీద కూలీలు బరువులు దింపి మరీ విన్నారు.

పరీక్ష పెట్టే స్టేషన్ మాస్టరు టీ కప్పుతో పరుగున వచ్చాడు. "ఎవరిదమ్మా ఆ గొంతు?"

మనవరాలి చేతులు మోచేతుల దాకా సంచిలో ఉన్నాయి. అడ్డం పెట్టుకోవడానికి ఒక్కటీ ఖాళీ లేదు.

"నాదే సార్!" అంది. పెరడంతా మోగింది.

"మరింకేం! పరీక్ష అయిపోయింది. చేతులు కడుక్కుని రా తల్లీ, బండి వచ్చే వేళయింది."

చేతులు కడుక్కుంది. నిమ్మతొక్కల కింద దొరికిన రిటైనరును చన్నీళ్ళలో శుభ్రంగా రుద్ది, పెట్టుకుంది. మైకు ముందు కూర్చుంది.

"దయచేసి వినండి! మీ బండి రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. పిల్లల చేతులు పట్టుకోండి!"

దూరంగా ఇంజను కూత వేసింది. బెంచీ చివర ఒక ముసలాయన ఉన్నాడు, మైకులో మాట అర్థంకాక ఏళ్ళ తరబడి పక్కవాళ్ళని అడిగి బండెక్కే మనిషి. ఎవరినీ అడక్కుండా లేచి, మూట భుజానికెత్తుకుని, నేరుగా రెండో ప్లాట్‌ఫారం వైపు నడిచాడు.