భుజం మీద కాలు

శంషాబాద్ దగ్గర మంఖాల్ దాటాక రోడ్డు దిగి కొంచెం లోపలికి వెళితే పాత రాళ్ళ క్వారీ ఒకటి ఉంది. రాయి తీయడం ఎప్పుడో ఆపేశారు. వానలకు నిండి, ఊటలు కలిసి, ఇప్పుడది చిన్న చెరువంత అయింది. మూడు పక్కల నిలువు రాతిగోడలు, నాలుగో పక్క ఒకప్పుడు లారీలు దిగిన బాట. ఎంత గాలి వీచినా అల లేవదు. విశాఖపట్నం నుంచి వచ్చిన శ్రీకాంత్ అనే కుర్రాడు దాన్ని కిరాయికి తీసుకుని, డ్రమ్ముల మీద చెక్కలు పరిచి తేలే వంతెన కట్టి, నీళ్ళ అడుగున ఇనుప మంచె వేసి, స్కూబా డైవింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. బయట 'మంఖాల్ హార్బర్' అని బోర్డు కూడా పెట్టాడు. సముద్రం వాసన తగలని చోట హార్బర్ ఏమిటని నవ్వనివాడు లేడు. అయినా కొత్తగా దిగేవాళ్ళకు అంత నెమ్మదైన నీళ్ళు చుట్టుపక్కల ఎక్కడా లేవు.

అందరికన్నా గట్టిగా నవ్వినవాడు యేసురత్నం. శంషాబాద్ అపార్టుమెంట్లకు నీళ్ళ ట్యాంకర్ తోలతాడు. తమ చర్చి సంఘంలో పెద్ద. శ్రీకాంత్ అక్కడ అడుగుపెట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే వాళ్ళ సంఘం బాప్తిస్మాలు ఆ క్వారీలోనే జరుగుతున్నాయి. ఛాతీ లోతు నీళ్ళలో పాస్టర్ ఆశేర్ గారు ఒక పక్క, యేసురత్నం ఒక పక్క నిలబడతారు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు చేతులు గుండెల మీద కట్టుకుని, ఒంటి బరువంతా యేసురత్నం చేతి మీద వేసి వెనక్కి వాలాలి. అప్పుడతను ప్రతి ఒక్కరికీ చెప్పే మాట ఒకటే. "ఊపిరి బిగబట్టు, కండ్లు మూసుకో, నేనున్న."

ఎవరైనా భయపడి అతని మణికట్టు పట్టుకున్నారో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. ఒడ్డుకొచ్చాక అందరి ముందూ ఆటపట్టించేవాడు. "దేవుణ్ణి నమ్మితివి, నన్ను నమ్మకపోతివి!" జనం విరగబడి నవ్వేవారు. పాపం, పట్టుకున్నవాళ్ళు తడిబట్టలతో తల దించుకుని నిలబడేవారు. ఆ తల దించుకోవడం ఎలా ఉంటుందో యేసురత్నం ఏనాడూ ఆలోచించలేదు. గొప్పలు చెప్పుకునేవాడికి అంత తీరిక ఎక్కడిది?

కూతురు రెబెక్కా ఎయిర్‌పోర్టులో బ్యాగుల కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. వచ్చే ఆదివారం ఆమె బాప్తిస్మం. ఆ వారం సెలవు దొరికిన రోజున డైవింగ్‌కు వెళదామని ఆమెకు బుద్ధి పుట్టింది.

"నువ్వు నాతోని రా బాపు. నీళ్ళ మనిషివి గద."

ఆ ఒక్క మాటకే అతను పొంగిపోయాడు. అసలు సంగతేమిటంటే యేసురత్నానికి ఈత రాదు. ఇన్నేళ్ళలో ఛాతీ లోతు దాటి ఒక్క అడుగు వేసి ఎరగడు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

వంతెన మీద భార్య నిర్మల కూర్చుని చూస్తుండగా శ్రీకాంత్ తండ్రీకూతుళ్ళకు సిలిండర్లు కట్టాడు. నోట్లో పెట్టుకునే గొట్టం చూపించి నెమ్మదిగా చెప్పాడు.

"ఒక్కటి మాత్రం మరిచిపోకండి. నీళ్ళలో ఊపిరి ఆపకూడదు. పీలుస్తూ, వదులుతూ ఉండాలి. కళ్ళు తెరిచే ఉంచండి. ఇబ్బందిగా అనిపిస్తే నా చెయ్యి పట్టుకోండి. అన్నట్టు, మీకు ఈత వచ్చా అండీ?"

"నన్నే అడుగుతున్నవా తమ్మీ? గీ నీళ్ళల్ల ఎంతమందిని ముంచి లేపిన్నో నీకెర్కనా?" అన్నాడు యేసురత్నం. రెబెక్కా గర్వంగా నవ్వింది.

తాడు పట్టుకుని దిగారు. రెండు నిలువుల లోతులో ఇనుప మంచె మీద మోకాళ్ళూనారు. శ్రీకాంత్ ఇద్దరికీ ఎదురుగా ఉన్నాడు. మాస్కులోంచి చూస్తే పచ్చటి వెలుగు, రాతిగోడ, కూతురి నోటి నుంచి లేచే బుడగలు. అంతా బాగానే ఉంది. ఇంతలో యేసురత్నం మాస్కులోకి కాసిని నీళ్ళు చేరాయి. ముక్కుకు తగిలాయి. అంతే, ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిన పాఠం ఒంట్లోంచి దానంతటదే లేచింది. ఊపిరి బిగబట్టాడు, కళ్ళు మూసుకున్నాడు.

బాప్తిస్మంలో అయితే మరుక్షణం పైకి లేపేస్తారు. ఇక్కడ ఎవరూ లేపలేదు. నోట్లోనే గాలి ఉంది, పీలిస్తే చాలు. అది మరిచిపోయాడు. గుండె మండింది. చీకట్లో చేతులు విసిరాడు. ఏదో గొట్టం దొరికితే లాగాడు. కాలికి ఏదో గట్టిగా తగిలింది. దాన్ని బలంగా తొక్కి, నోట్లో గొట్టం ఊడిపోగా అరుస్తూ పైకి వచ్చిపడ్డాడు.

డ్రమ్మును కావలించుకుని రెండు సార్లు గాలి పీల్చాక తెలిసింది, తను లాగింది కూతురి నోట్లోని గొట్టమని, తొక్కింది ఆమె భుజాన్నని.

శ్రీకాంత్ తన దగ్గరున్న రెండో గొట్టం ఆమె నోటికి అందించి పైకి తెచ్చాడు. వంతెన మీద బోర్లా పడి ఆమె దగ్గుతుంటే నిర్మల పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది బిడ్డా? ఏమైందిర దేవుడా?"

యేసురత్నం నోరు తెరిచాడు. అతని కన్నా ముందు రెబెక్కా మాట్లాడింది.

"నా మాస్కులకు నీళ్ళొచ్చినయమ్మా. పరేషాన్ అయిన. బాపునే నన్ను పైకి నూకిండు."

శ్రీకాంత్ తలెత్తి యేసురత్నాన్ని చూశాడు. చెబుతాడేమోనని చూశాడు. తరువాత తల తిప్పుకుని గొట్టాలు చుట్టుకోసాగాడు. కాదు అనడానికి అదే సమయం. యేసురత్నం అనలేదు. తేలు కుట్టిన దొంగలా తువ్వాలు తల మీద కప్పుకున్నాడు.

నిర్మల ఊరుకుంటుందా? సంఘంలో ఒక్క ఇల్లు వదలకుండా చెప్పింది. దారిలో కనిపించినవాళ్ళంతా అతని చెయ్యి పట్టుకుని ఊపారు. ప్రతిసారీ అతనికి తల కొట్టేసినట్టయింది. అన్నం ముందు కూర్చుంటే ఆ భుజం మెత్తదనం మడమకు గుర్తొచ్చేది. తన ప్రాణం మీదికొస్తే కన్నకూతురైనా ఒకటే, మెట్టు అయినా ఒకటే అని తెలిసిపోయిన మనిషికి ముద్ద ఎలా దిగుతుంది?

శనివారం ఆమెను డ్యూటీకి దింపుతూ బండి ఆపాడు. "బిడ్డా, ఆ దినం నేను..."

"ఇడ్సిపెట్టు బాపు. అందరూ నిన్ను మంచిగ అనుకుంటున్నరు గద. అనుకోనీ."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ దయ చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఇంటికొస్తే నిర్మల ఇంకో మాట చెప్పింది. పిల్ల తల మీద నీళ్ళు పోసుకోవడం లేదట. ముఖం కూడా తడిగుడ్డతోనే తుడుచుకుంటోందట.

ఆదివారం పొద్దున సంఘమంతా క్వారీ ఒడ్డున చేరింది. యేసురత్నం పాస్టర్ గారిని పక్కకు పిలిచాడు.

"అయ్యగారూ, నడుము నొస్తుంది. ఇయ్యాల నా బదులు మన సంఘపు ఇమ్మాన్యుయేల్‌ను దింపుండ్రి."

"సొంత బిడ్డ బాప్తిస్మం నాడే నొప్పా?" అని నవ్వి, ఆయన అందరికీ వినబడేలా అన్నాడు. "ఈ చెయ్యే మొన్న బిడ్డను నీళ్ళలోంచి తీసింది. ఈ చేతి మీదనే ఆమె ఇయ్యాల బాప్తిస్మం తీసుకుంటది." చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో యేసురత్నం నీళ్ళలోకి నడిచాడు. ఇంతకన్నా మునిగిపోవడమే నయమనిపించింది.

రెబెక్కా తెల్లబట్టలతో దిగింది. తడిసిన బట్ట ఒంటికి అతుక్కోగానే కుడి భుజం మీద మడమంత నీలిమచ్చ బయటపడింది.

"ఏందమ్మా ఆ దెబ్బ?" అన్నాడు పాస్టర్.

"బ్యాగు తగిలింది అయ్యగారూ."

తన కోసం ఆమె ఆడిన రెండో అబద్ధం అది. బాప్తిస్మం రోజున, ఆ నీళ్ళలోనే నిలబడి ఆడింది. యేసురత్నం ముఖం కిందికి వాలిపోయింది.

ఆమె చేతులు గుండెల మీద కట్టుకుంది. అతను వీపు వెనక చెయ్యి పెట్టాడు. ఆమె వాలలేదు. వీపు కర్రలా బిగుసుకుపోయింది. ఒడ్డున పాట అయిపోయింది. తలల మీదుగా ఒక విమానం దిగిపోయింది. అయినా ఆమె వాలలేదు.

ఒడ్డు నుంచి ఎవరో సరదాగా కేకేశారు. "ఏంది రెబెక్కా, దేవుణ్ణి నమ్మితివి, బాపును నమ్మవా?"

జనం నవ్వారు. ఆ మాట అతనిదే, ఆ నవ్వు అతను నేర్పిందే. రెబెక్కా తల దించుకుంది. అది చూశాక యేసురత్నం ఇక ఆగలేకపోయాడు.

"నవ్వకుండ్రి!" అన్నాడు. "ఆ దెబ్బ బ్యాగుది కాదు, నా మడిమెది. నేను ఎవ్వరినీ కాపాడలే. నాకు ఈత రాదు. బిడ్డ నోట్లకెళ్ళి గాలి గుంజి, ఆమె మీద కాలు పెట్టి పైకొచ్చిన. నా ఇజ్జత్ కోసం ఆమె అబద్ధమాడింది. నేను నోరు మూసుకున్న."

నిర్మల చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టర్ గారు తెరిచిన నోరు మూయలేదు.

యేసురత్నం కూతురి వైపు తిరిగాడు. "చేతులు కట్టుకోకు బిడ్డా. నన్ను పట్టుకో. గట్టిగ పట్టుకో. కండ్లు మూసుకోకు."

రెబెక్కా చాలాసేపు అతని ముఖం చూసింది. తరువాత కళ్ళు దించి, తేటనీళ్ళలోంచి అతని కాళ్ళ వైపు చూసింది. యేసురత్నం ఆ చూపు చూశాడు. కాళ్ళు రెండూ ఆమెకు దూరంగా జరిపాడు.

అప్పుడామె రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. కళ్ళు తెరుచుకునే వాలింది. ఆమె మళ్ళీ లేచేదాకా అతను ఆ కాళ్ళు కదపలేదు.