మా పిల్లల చూపులకు వాటా

దుర్గాసాయి తెర మీది నీళ్ళ బొమ్మ వైపు చూస్తూనే ఉన్నాడు. కంపెనీ వాళ్ళు వైరు పీకేశారు.

నా కొడుక్కి తొమ్మిదేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలవదు, మాట రాదు. కళ్ళు ఏ బొమ్మ మీద ఆగితే ఆ మాటను పైకి పలికే మిషన్ అది. పాలకొల్లులో కంపెనీ తెరిచిన సెంటరుకు ఏడుగురు తల్లులం పిల్లలను ఏడాది పాటు మోసుకెళ్ళాం. మా ఆయన పోయాక చేపల గంపే నాకు ఆధారం. గంప దించి పిల్లవాణ్ణి ఎత్తుకునేదాన్ని. మొదట్లో మిషన్ మా పిల్లల చూపు పోల్చుకోలేక తప్పులు చెప్పేది. వాళ్ళే మళ్ళీ మళ్ళీ చూసి దానికి నేర్పారు.

"పరిశోధన అయిపోయిందమ్మా. రేపో మాపో మార్కెట్లోకి వస్తుంది, కొనుక్కోండి," అన్నాడు కంపెనీ ఆఫీసరు ఉదయభాస్కర్. ఆరు మిషన్లు పెట్టెల్లోకి వెళ్ళాయి. ఎల్లుండి బండి వస్తుందన్నారు.

ఏడోది మాత్రం రొయ్యల చెరువుల వాళ్ళ కోడలు సత్యవాణి ఇంటికి వెళ్ళింది, ఆ ఏడుగురిలో ఒకతైన ఆమె కూతురు సూర్యకళ కోసం. వీడియోల్లో చూపించడానికి ఒక పిల్ల కావాలట.

నా కడుపు మండిపోయింది. కంపెనీ మీద కాదు, సత్యవాణి మీద. మిగతా తల్లులదీ అదే మంట.

మర్నాడు ఆమె బజారుకు వచ్చింది. "పండుగొప్ప ఎలా ఇస్తున్నారండీ?"

"నన్నడుగుతారేంటండీ? మీ అమ్మాయిగారు మాట్లాడతారంట కదా, ఆవిణ్ణే అడగమనండి," అన్నాను.

పక్కనే కూర్చున్న రాణి గంప మీద గోనె కప్పేసింది. ఆమె కూతురి మిషన్ కూడా పెట్టెలోనే ఉంది. "మాటలొచ్చినోళ్ళకి మా దగ్గర చేపల్లేవండీ!"

సత్యవాణి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆటోలో కూతురినీ మిషన్‌నూ తీసుకుని మా పేటకే వచ్చింది. తల్లులందరం చుట్టూ మూగాం.

"చూపించుకోడానికొచ్చారా?" అన్నాను.

ఆమె కంటే ముందు మిషన్ పలికింది. సూర్యకళ చూపు మా వాడి బొమ్మ మీదా, పక్క బొమ్మ మీదా ఆగింది. "దుర్గ. ఎక్కడ?"

"నిన్నటి నుంచీ ఇదే అడుగుతోందండీ," అంది సత్యవాణి. "మా ఇంట్లో దీనికి జోడీ ఎవరున్నారు?"

నేను మెత్తబడలేదు. బదులు చెప్పడానికి నా కొడుకు దగ్గర ఏముంది? ఇంకా కుళ్ళుకున్నాను. రాణే లేచింది.

"అక్కా, మన ఒడ్డున అలివి వల లాగితే, తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా పడద్దా లేదా?"

"పడద్ది."

"వల ఎవడిదైనా?"

"ఎవడిదైనా."

"మరి ఈ వల లాగింది మన పిల్లలు కాదా? కుళ్ళుకుంటే వలోడి మీద కుళ్ళుకో. వాటా అందినావిడ మీదేంటి?"

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

తెల్లారి సెంటరు ముందు బండికి అడ్డంగా పిల్లలతో రోడ్డు మీద కూర్చున్నాం. గంపలు దించి బజారు ఆడవాళ్ళంతా వచ్చారు.

ఉదయభాస్కర్ ఆ గుంపులో సత్యవాణిని చూసి అదిరిపడ్డాడు. "మీకిచ్చాం కదా మేడమ్! వీళ్ళతో మీకేంటండీ?"

"ఆయ్, ఇచ్చారండి. ఆరు దాచుకుని ఒకటిచ్చారండి."

"చేపలమ్ముకునేవాళ్ళకి పరిశోధనేం తెలుసు?"

"మా పిల్లల కళ్ళలోనే కదయ్యా నువ్వు చేసింది!" అరిచింది రాణి. "మా వాటా దింపి పో!"

సత్యవాణి తన మిషన్‌ను ఒక్కొక్క పిల్ల ముందుకూ తిప్పుతోంది. ఎస్సై వచ్చేసరికి అది నా కొడుకు ముందుంది.

"లేస్తారా, లేదా?"

దుర్గాసాయి కళ్ళు తెరంతా తిరిగి ఒకచోట ఆగాయి.

"కుదరదు," అంది మిషన్.

బజారంతా ఈలలు. ఎవరి మీద లాఠీ ఎత్తాలో ఎస్సైకి తెలియలేదు. తల్లులను వ్యానెక్కించమన్నాడు. పిల్లలను బజారు ఆడవాళ్ళు అందుకున్నారు. మేం లేచిన చోట వాళ్ళు కూర్చున్నారు. పెట్టెల బండి కదల్లేదు.

స్టేషన్లో సత్యవాణి నా పక్కనే కూర్చుంది. ఆమె మీద అసూయ పోయిందని అబద్ధం చెప్పను. ఆమె కూతురికి ఉంది, నా కొడుక్కి లేదు. వచ్చేదాకా అది పోదు, పోకూడదు.

మేం టీవీలో కనబడ్డాక, మధ్యాహ్నం రాణికి ఫోనొచ్చింది. కంపెనీకి తణుకులోనూ ఒక సెంటరుంది. "పాలకొల్లు వాళ్ళ పిల్లలకేనా కళ్ళున్నాయి? వాళ్ళే టీవీలో పడాలా?" అంటూ అక్కడి తల్లులు కుళ్ళుకుని, పిల్లలతో సహా తమ సెంటరు బండికి అడ్డం కూర్చున్నారట.

రాణి విరగబడి నవ్వింది. "కుళ్ళుకోండే! బాగా కుళ్ళుకోండి!" అని స్టేషనంతా వినపడేలా ఫోన్లోకి అరిచింది.