వెనక పోర్షన్

చిక్కడపల్లిలో సులోచన గారి ఇంటికి రెండు పోర్షన్లు, మధ్యలో ఆవిడ గది. ముందు పోర్షన్‌లో టెలిఫోన్ ఆఫీసు వాళ్లుండేవారు, వెనక దాంట్లో తేజస్వి వాళ్లు. ఎన్నో ఏళ్లు హాయిగా గడిచాయి. ఆవిడ మధ్య గదిలో పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టాక జాడీలకు చోటు చాలలేదు. “జర వెనక గదులు గావాలె, ఏమనుకోకున్రి” అంది. అనుకుంటే మాత్రం ఆగుతుందా! సామాను ఆటోలో వేసుకుని నల్లకుంట వెళ్లిపోయారు. ఆ పెరటి జామచెట్టు మీద తేజస్వికి బెంగ ఇప్పటికీ తీరలేదు.

2013 నాటికి నారాయణగూడలో పోటీపరీక్షల పుస్తకాలు వేసే ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత ఆమెది. పాతవి మొండికేస్తే కొత్త సర్వర్ ఒకటి తెప్పించి, దాని లోపలే రెండు వర్చువల్ మిషన్లు, అంటే ఒకే పెట్టెలో వేరువేరు కంప్యూటర్లలా నడిచేవి, పెట్టింది. ఒకటి అకౌంట్స్‌కి, ఇంకోటి జగన్నాథరావు గారి ప్రశ్నలకి. ఆయన రిటైరైన లెక్చరర్, రోజూ అశోక్‌నగర్ నుంచి నడిచొచ్చి కొత్త ప్రశ్నలు చేర్చి వెళతారు. ఆ ప్రశ్నల పాత సాఫ్ట్‌వేర్‌కి మహా పెంకితనం, పక్కన ఇంకోదాన్ని ఓర్వదు.

యజమాని జగదీశ్వర్ తొందరపడి ప్రింటింగ్ పని నేరుగా సర్వర్ మీదే పెట్టించాడు. సర్వర్ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్స్ అమ్మినతను వచ్చి చూసి అడ్డంగా తలూపాడు.

“రెండు ప్రాసెసర్లకు ఒక్క లైసెన్స్ చాలు మేడమ్. లోపల రెండు మిషన్లు నడుపుకోవచ్చు. కానీ పైనున్న సర్వర్ వాటిని చూసుకునుడే చెయ్యాలె. సొంత పని పెట్టుకుంటే అదీ ఒక మిషన్ లెక్కకే వస్తది. అప్పుడు లోపల ఒక్కటే ఉండాలె.”

“అయితే పెద్దాయనది తీసెయ్ తేజస్వీ,” అన్నాడు జగదీశ్వర్. “ప్రింటింగ్ ఆగితే ఎట్ల?”

అద్దం తలుపు అవతల జగన్నాథరావు గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. తేజస్వికి చిక్కడపల్లి ఇల్లు గుర్తొచ్చింది. మధ్య గది, జాడీలు, వెనక పోర్షన్. అచ్చం అదే.

“తియ్యక్కర్లేదండీ. ప్రింటింగ్‌ని అకౌంట్స్ మిషన్‌లోకి మారుస్తాను. అందులో బోలెడు చోటుంది.”

“గట్ల గూడ అయితదా?”

“అవుతుందండీ.”

భోజనాల వేళకల్లా మార్చేసింది. ఇదేమీ తెలియని జగన్నాథరావు గారు, “కొత్తది భలే ఉందమ్మాయ్” అని మురిసిపోయారు.

సాయంత్రం బస్సెక్కకుండా చిక్కడపల్లిలో సులోచన గారి సందులోకి నడిచింది. పచ్చళ్ల బోర్డు లేదు. ముందు పోర్షన్ వసారా ఎప్పటిలాగే విశాలంగా, ఖాళీగా ఉంది. దాన్ని చూస్తుంటే తేజస్వికి ఏడుపొచ్చింది. జాడీలన్నీ అక్కడే పట్టేవి. ఆ మాట అప్పుడు ఎవరికీ తోచలేదు.