నిద్రపుచ్చకూడని పొయ్యి

మా బావ క్లెమ్ నన్ను మొదట కొట్టింది బొగ్గు పారతో. అంచుతో కాదు, వెడల్పు వైపుతో. అంతమట్టుకు దయ చూపించాడనే అనుకోవాలి. ఎడమ దవడ మీద తగిలింది. రెండు పళ్లు విరిగి నాలుక మీద పడ్డాయి. వాటిని అరచేతిలోకి ఉమ్ముకుని చూస్తూ ఉండగానే అతను అదే పారతో బొగ్గెత్తి మా వంటింటి పొయ్యిలో వేసి, తలుపు మూసి, ఏమీ జరగనట్టు పెరటి దారిన తన ఇంటికి వెళ్లిపోయాడు.

నేను చేసిన తప్పల్లా ఒక కాగితాన్ని బల్ల మీద పెట్టడం. రోవన్స్ క్రీక్ లోయలో ఇకమీదట ఏ పొయ్యిలు పెట్టుకోవచ్చో కౌన్సిల్ వాళ్లు అచ్చు వేయించి పంపిన జాబితా అది. పొగ తక్కువ వదిలేవి మాత్రమే అందులో ఉన్నాయి. చలికాలం వస్తే మా లోయ మీద పొగ మూత పెట్టినట్టు కూర్చుంటుంది. గాలి కదలని ఉదయాల్లో చర్చి గంటగోపురం కూడా కనపడదు. అయితే నేను ఆ కాగితం తీసిపెట్టింది కౌన్సిల్ మాట వినడానికి కాదు, నా భార్య నోలీన్ కోసం.

కిందటి చలికాలం ఆమెను మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాం. మూడోసారి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఆ పొయ్యి పొగలో ఇంకో చలికాలం గడిపితే ఈమె వసంతం చూడదని నెమ్మదిగా చెప్పింది. మా పొయ్యి అతుకుల దగ్గర వేలు దూరేంత పగుళ్లు ఉన్నాయి. బొగ్గు పొగ సగం గొట్టంలోకి, సగం నోలీన్ ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

మరి క్లెమ్‌కు అంత కోపం ఎందుకు? అది చెప్పాలంటే క్లెమ్, నోలీన్‌ల నాన్న మార్టిన్ టియర్నన్ సంగతి చెప్పాలి.

మా దగ్గర గనివాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. మగవాడు గనిలోకి దిగి ఉన్నంతసేపు ఇంట్లో నిప్పు ఆరకూడదు. అతను షిఫ్టుకు బయలుదేరగానే ఆడవాళ్లు నిప్పుల మీద తడి బొగ్గు నుసి కప్పి, గాలి కంతలు మూసి, పొగగొట్టం మూత దించేవారు. నిప్పును నిద్రపుచ్చడం అనేవారు దాన్ని. మనిషి తిరిగొచ్చాక మూత తెరిచి లేపేవారు. నలభై నాలుగేళ్ల కిందట జూన్‌లో, అంటే మాకు చలికాలంలో, ఒక పొద్దున గని పేలింది. మార్టిన్‌తో కలిపి ఏడుగురు లోపల ఉండిపోయారు. తొమ్మిది రోజులు చూసి, గాలి అందితే మంట పెరుగుతుందని గనినోటికి గోడ కట్టేశారు. ఆ తొమ్మిది రోజులూ పదిహేడేళ్ల క్లెమ్ అక్కడే నిలబడ్డాడు. అప్పుడు నోలీన్‌కు పన్నెండేళ్లు. వాళ్లమ్మ ఆ పూట నిద్రపుచ్చిన నిప్పును మళ్లీ ఆరనివ్వలేదు. మనిషి తిరిగి రాలేదు గనక. ఆమె పోయాక ఆ పనికి క్లెమ్ పూనుకున్నాడు. ఇల్లు నోలీన్‌కు వచ్చింది, నిప్పు అతనికి వచ్చింది. రోజుకు రెండుసార్లు పెరటి తలుపు తోసుకుని వచ్చి, తడి నుసి కప్పి పోతాడు. పొయ్యి మార్చడమంటే అతని లెక్కలో ఆ నిప్పును ఆర్పడమే.

తర్వాత అతను కూడా వేరే గనిలో ముప్పై ఏళ్లు చేశాడు. లోపల గాలిలో పేలే వాయువు ఎంతుందో కొలిచి, మనుషుల్ని దిగనివ్వాలో వద్దో చెప్పడం అతని పని. నేను మాత్రం రంపపు మిల్లులో పనిచేసినవాణ్ణి. నన్నతను పేరుపెట్టి పిలవగా ఎప్పుడూ వినలేదు. రంపప్పొట్టు అంటాడు.

దవడ వాపు తగ్గాక కనుమ దాటి పట్నంలో పొయ్యిల దుకాణానికి వెళ్లాను. పొయ్యిలు బిగించే హేమీ అనే మావోరీ ఆయన, మా దేశపు మూలవాసి, నా మొహం చూసి ముందు టీ ఇచ్చాడు. కరెంటుతో వేడి గాలి ఊదే యంత్రం అన్నిటికంటే శుభ్రమన్నాడు. మా దగ్గర గాలివాన వస్తే తీగలు తెగి మూడేసి రోజులు కరెంటు ఉండదు. కట్టె మాత్రమే కాల్చేది కొందామంటే, అంత వాన దేశంలో కట్టె ఎండబెట్టడం ఒక ఎత్తు, బొగ్గు లేని పొయ్యికి క్లెమ్‌ను ఒప్పించడం ఇంకో ఎత్తు. చివరికి కట్టె, బొగ్గు రెండూ కాల్చగలిగి, పొగ పరిమితి లోపల ఉండేది ఒకటే మిగిలింది. కింద బూడిద రాల్చే కమ్ములు, పైనుంచి ఇంకో దారిన గాలి వచ్చి పొగను కూడా మండించే ఏర్పాటు, ముందు అద్దం తలుపు. నేను పెద్దది చూపించాను. హేమీ తల అడ్డంగా ఊపాడు.

“పెద్దది కొంటే దాన్ని సగం గొంతు నొక్కి వాడతారు. పొగంతా దాంతోనే. చిన్నది కొనండి, భగభగా మండనివ్వండి. ఇంకో మాట. దీన్ని మీ ముసలాళ్లలాగా నిద్రపుచ్చకండి. ఇది బిర్రుగా మూసుకుంటుంది, పాతదాంట్లోలాగా పగుళ్లు ఉండవు. తడి నుసి పోసి గాలి మూస్తే లోపల వాయువు నిండుతుంది. తలుపు తీసినా, లోపల ఒక్క మంట లేచినా తుపాకీయే.”

సూచనల పుస్తకంలో ఆ సంగతి ఉన్న తొమ్మిదో పేజీ మడతపెట్టి ఇచ్చాడు. పాత నిప్పులు కొన్ని కొత్తదాంట్లో వేసి మొదలుపెట్టొచ్చా అని అడిగాను. నిప్పుకు పుట్టిన ఊరు ఉండదు కదా, వేసుకోండి అని నవ్వాడు.

ఏప్రిల్‌లో హేమీ బండి మా గేటు ముందు ఆగిన రోజున క్లెమ్ సమ్మెటతో వచ్చాడు. నిప్పు ఆరదు, బకెట్లో మోసుకొచ్చి ఇందులోనే వేస్తామని నేను చెబుతూనే ఉన్నాను. మొదటి దెబ్బకు బండి ముందు అద్దం పోయింది. రెండో దెబ్బ కొత్త పొయ్యి మీద పడబోతే హేమీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఎండు కొమ్మ విరిగినట్టే ఉంది, మిల్లులో నేను ముప్పై ఏళ్లు విన్న చప్పుడది. అప్పుడు నా చేతికి పొగగొట్టం ముక్క దొరికింది.

అంతవరకు నేను ఎవరినీ కొట్టలేదు. క్లెమ్ మోకాలి వెనక కొట్టాను. కూలబడ్డాడు. వీపు మీద కొట్టాను. లేవబోతుంటే చెవి మీద కొట్టాను. నెత్తురు కాలరులోకి కారింది. పొద్దున జపమాల తిప్పిన చేతులే నావి. నాలుగో దెబ్బకు నాకు ఆనందం కలిగింది. దాచి ప్రయోజనం లేదు, ఆనందమే కలిగింది. ఐదోదానికి చెయ్యి లేపాను.

అప్పుడు నోలీన్ గడప దిగి వచ్చింది. రెండు చేతులతో బకెట్ పట్టుకుంది, దాని నిండా ఎర్రటి నిప్పులు. ఊపిరి అందక పెదాలు నీలంగా ఉన్నాయి. అడుగు వేయడం, ఆగడం, మళ్లీ అడుగు వేయడం. మా ఇద్దరి మధ్యకు వచ్చి బకెట్ దించింది.

“నాన్నది ఇదుగో,” అంది క్లెమ్‌తో. “నువ్వు తలుపు తీసి వేస్తావా, గడ్డి మీద పారబొయ్యనా? నాకు మళ్లీ మొయ్యడానికి ఊపిరి లేదు.”

క్లెమ్ సమ్మెట వదిలేశాడు. హేమీ విరిగిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని ఒక్కో పనీ నోటితో చెబుతుంటే నేను పాతది పీకేసి కొత్త పొయ్యి నిలబెట్టి గొట్టం బిగించాను. అతనికి నేను ఎంతో బాకీపడ్డాను. పోలీసుల దగ్గరకు మాత్రం వెళ్లలేదతను. క్లెమ్ అంతసేపూ బకెట్లో బొగ్గు వేస్తూ కాపాడిన ఆ నిప్పుల్ని పారతో ఎత్తి కొత్త పొయ్యిలో వేసి, అద్దంలోంచి చాలాసేపు చూశాడు. మంట లేచాక నావైపు తిరగకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండు నెలలు నోలీన్ మధ్యలో ఆగకుండా మెట్లు ఎక్కింది. ఆరుబయట బట్టలు ఆరేసింది. ఒకరోజు గిన్నెలు కడుగుతూ పాడింది. మూడేళ్లుగా ఆ గొంతు వినలేదు నేను.

పొయ్యిలో కట్టె, గట్టి బొగ్గు వేస్తూ నిప్పు ఆరకుండా చూసుకునే పని మాదే అయింది. క్లెమ్ రోజూ వచ్చి అద్దంలోంచి తొంగిచూసి పోయేవాడు. మా ఇద్దరికీ మాటల్లేవు. చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదరు అతన్ని క్షమించావా అని అడిగితే క్షమించానన్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ మడతపెట్టిన ఆ తొమ్మిదో పేజీని నేను క్లెమ్‌కు చూపించలేదు. పుస్తకం తీసుకెళ్లి సొరుగులో, ప్రార్థన పుస్తకం కింద పెట్టాను. నోలీన్‌కు కూడా చెప్పలేదు. అడిగితే చెబుదాం అనుకున్నాను. రంపప్పొట్టును అతనెందుకు అడుగుతాడు? పళ్లు విరిగిన చోట నాలుక పెట్టుకుని, నోరు మూసుకుని ఉండడమే ఓర్పు అనుకున్నాను. రెండో చెంప చూపించడమంటే నోరు మూసుకోవడం కాదేమోనన్న అనుమానం అప్పటికి రాలేదు.

జూన్‌లో ఏడుగురి పేర పూజ పెట్టించిన ఆదివారం నోలీన్, నేను చర్చికి వెళ్లాం. గనికి గోడ కట్టిన రోజు నుంచి క్లెమ్ చర్చి గడప తొక్కలేదు. మేము లేనప్పుడు వచ్చి చూశాడు. చిన్న పొయ్యి గదా, ఎక్కువసేపు నిలవదు. లోపల నాలుగు నిప్పులు మినుకుమంటున్నాయట. వేరే రోజైతే కట్టె వేసేవాడేమో. అది వాళ్ల నాన్న రోజు. వాళ్లమ్మ ఎలా చేసేదో అలాగే చేశాడు. తన ఇంటినుంచి తడి నుసి తెచ్చి పొయ్యి నిండా పోశాడు. గాలి మీటలన్నీ మూసేశాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

మేము గేటు తీస్తుండగా వంటింటి కిటికీ మా కళ్ల ముందే బయటికి ఊడిపడింది. చప్పుడు తర్వాత వచ్చినట్టు తోచింది. నోలీన్ నాకంటే ముందు పరుగెత్తింది.

లోపలంతా నల్లటి పొగ. పొయ్యి తలుపు ఎదుటి గోడలో దిగి ఉంది. క్లెమ్ బల్ల కింద వెల్లకిలా పడి ఉన్నాడు. కనుబొమలు లేవు, చొక్కా ఛాతీ మీద మండుతోంది, అద్దం ముక్కలు చెంపల్లో, నుదుట్లో, ఎడమ కంట్లో గుచ్చుకుని ఉన్నాయి. నోలీన్ తన కోటుతో మంట అదిమేసింది. చెరో చంక కింద చెయ్యి వేసి లాగాం. గడప దగ్గర ఆమెకు ఊపిరి ఆగింది. నోరు తెరుచుకుంది గాని గాలి లోపలికి పోలేదు. అయినా అన్నను వదల్లేదు. నేను ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

ఇద్దర్నీ ఒకే హెలికాప్టర్లో తీసుకెళ్లారు.

నాలుగో రోజుకు క్లెమ్ మాట్లాడాడు. మొహమంతా కట్టు. ఎడమ కన్ను పోయింది, కుడిది నిలుస్తుందన్నారు. నోలీన్‌కు ముక్కులో గొట్టం పెట్టి, అతని మంచం పక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

“నోలీన్, ఉన్నావా?” అన్నాడు. ఉన్నానంది. అప్పుడిలా చెప్పాడు.

“అంతా ఒక వెలుగు. అంతే. చప్పుడు కూడా వినలేదు నేను. నొప్పి తర్వాతెప్పుడో వచ్చింది, బతికాను గనక వచ్చింది. ఇన్నేళ్లూ నాన్న ఆ చీకట్లో కూర్చుని మనం గోడ కడుతున్న చప్పుడు విన్నాడనుకున్నాను. వినలేదమ్మా. ఆయనకి ఏమీ తెలిసుండదు.”

ఏడుగురూ అలాగే పోయారో, ఒకరిద్దరు నిజంగానే కూర్చుని విన్నారో ఎవరికి తెలుసు. దేవుడికి తెలుసు. అది తెలిపే దారి ఇంతకంటే మెత్తనిది ఆయన దగ్గర లేదా అని అడగాలనిపించింది. అడగలేదు. నోలీన్ అన్న చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇంట్లో పొయ్యి ఆరిపోయిందని ముగ్గురికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

నేను చెప్పవలసింది మిగిలిపోయింది. మంచం దగ్గరకు జరిగి చెప్పాను. నిద్రపుచ్చకూడదని హేమీ నాకు ముందే చెప్పాడు, పుస్తకంలో ఉంది, నేను కావాలనే దాచాను. క్లెమ్ కట్టు కట్టిన చెయ్యి చాపి గాలిలో వెతికాడు. నేను మొహం అందించాను. చెంప, దవడ తడిమి, పళ్లు లేని చోటు ఎక్కడో వేలితో చూసుకుని, తర్వాత కొట్టాడు. కాలిన చెయ్యి గనక నాకంటే అతనికే ఎక్కువ నొప్పి పుట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. ఏమీ లేదని ఇద్దరం చెప్పాం.

“ముప్పై ఏళ్లు వాయువు కొలిచాను,” అన్నాడు నర్సు వెళ్లాక. “నా ఎదురుగానే నిండుతుంటే కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నువ్వు చెప్పినా రంపప్పొట్టు మాటని విని ఉండను. అయినా చెప్పుండాల్సింది, డెస్.”

నా పేరు అతని నోట మొదటిసారి విన్నాను.

“ఆ పుస్తకం తెచ్చావా?”

కోటు జేబులోనే ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

“చదువు. మొదటినుంచి.”

కళ్లజోడు పెట్టుకుని చదివాను. కట్టె ఎంత ఎండాలి, బొగ్గు ముక్క ఎంత ఉండాలి, అగ్గిపుల్లతో ఎలా ముట్టించాలి, ఏ మీట ఎప్పుడు తెరవాలి. అతను కొన్ని చోట్ల ఆపి మళ్లీ చదివించుకున్నాడు. తొమ్మిదో పేజీని గబగబా చదివేయబోయాను. నెమ్మదిగానే చదవమన్నాడు. నోలీన్ కుర్చీలో నిద్రపోయింది. ప్రతి పేజీ చివరా నేను ఆగి, ఆమె ఊపిరి లోపలికి పోయి బయటికి వచ్చేదాకా విని, అప్పుడు పేజీ తిప్పాను.